క్లబ్ లీగ్ ఫాంటసీ: అందరి టీమూ ఒకేలా ఉంటే పైకి ఎట్లా వెళ్లాలి?

కావలి కవర్‌డ్రైవ్:

అన్నలకి నమస్తే. మాది కావలి పక్కన. సంక్రాంతి అయిపోయాక మా వైపు ఒక లీగ్ జరుగుతుంది, ఎనిమిది టీములు, లెదర్ బాల్, మ్యాటింగ్ వికెట్ (పిచ్ మీద చాప పరిచి ఆడేది), 20 ఓవర్లు, శని ఆదివారాల్లో మ్యాచ్‌లు. ఈసారి ఆడేవాళ్లూ చూసేవాళ్లూ కలిసి దీనికే సొంతంగా ఒక ఫాంటసీ పెట్టుకున్నాం, అంటే తలా ఒక టీమ్ ఎంచుకుంటాం, మ్యాచ్‌లో ఆ ఆటగాళ్లు ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు. స్కోర్లు ఎలాగూ క్రిక్‌హీరోస్ యాప్‌లో ఎక్కుతాయి, వాటిని ఆదివారం రాత్రి షీట్‌లోకి దించి పాయింట్లు వేస్తాం.

రూల్స్ పెద్ద యాప్‌లవే కాస్త అటూ ఇటూగా తెచ్చి పెట్టాం. ఆటగాళ్లని కొనడానికి 100 క్రెడిట్లు, ఒక్కొక్కడికి ఒక ధర, 11 మంది, ఒక్క క్లబ్ నుంచి నలుగురికి మించకూడదు, వారానికి రెండు మార్పులు. పరుగుకి 1, ఫోర్ కొడితే ఇంకో 1, సిక్స్‌కి 2. వికెట్‌కి 25, బౌల్డ్ గానీ ఎల్‌బీడబ్ల్యూ గానీ అయితే పైన 8. క్యాచ్‌కి 8, స్టంపింగ్‌కి 12. కెప్టెన్‌కి రెండింతలు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర.

నా బాధ ఏందంటే, బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి వచ్చే టీమ్‌లో ఒక ఆల్‌రౌండర్ ఉన్నాడు, వన్‌డౌన్ వస్తాడు, నాలుగు ఓవర్లూ వేస్తాడు, అందరి టీమ్‌లోనూ వాడే, అందరికీ కెప్టెన్ వాడే. వాడు కొడితే అందరికీ వస్తాయి, కొట్టకపోతే అందరికీ పోతాయి, టేబుల్ మాత్రం కదలదు. నేను ఇప్పుడు నాలుగో ప్లేస్, మొదటోడికీ నాకూ 180 పాయింట్లు తేడా, ఇంకా నాలుగు వారాలే ఉంది. వాడిని తీసేస్తే ఆ వారమే 80 కొడతాడేమో అని టెన్షన్, ఉంచుకుంటే లాభం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఇంకోటి, ఫైనల్‌కి ముందు తలా 200 వేసుకుని గెలిచినోడికి ఇద్దామని గ్రూపులో కొందరు అంటున్నారు. అది ఓకేనా?

స్కోరర్ మామ, నెల్లూరు:

అబ్బయా, నువ్వు ఆ ఆల్‌రౌండర్ గురించి ఆలోచించడం ఆపి ముందు మీ స్కోర్‌కార్డులు చూడు. పెద్ద యాప్‌ల లెక్క 160, 180 కొట్టే మ్యాచ్‌లకి సరిపోయేది. మన మ్యాటింగ్ మీద 20 ఓవర్ల మ్యాచ్ అంటే చాలాసార్లు 110కి ఆలౌట్. అందులో వైడ్లు, లెగ్‌బైలు ఒక 20 తీసేయ్, బ్యాట్ నుంచి వచ్చింది 90. ఫోర్లూ సిక్సులూ కలిపినా బ్యాటింగ్ పాయింట్లు 105 దాటవు, అవి కూడా ఏడెనిమిది మందికి పంచుకోవాలి. అదే ఇన్నింగ్స్‌లో రెండు రనౌట్లు పోయినా ఎనిమిది వికెట్లు, 200 పాయింట్లు, సగం బౌల్డ్‌లే అయితే ఇంకో 32, ఇవన్నీ నలుగురైదుగురు బౌలర్లకే. అంటే మీ లీగ్‌లో బౌలర్ విలువ బ్యాటర్‌కి రెండింతల పైన ఉంది, కానీ ధరలు పెట్టినోడు పోయిన ఏడాది పరుగులు చూసి, పేరు చూసి పెట్టి ఉంటాడు. ఓపెనర్ 10, కొత్త బంతి వేసేవాడు 7 అనుకుంటా? అదే నీకు దొరికిన సందు. ఇద్దరు బ్యాటర్లని అమ్మి ఇద్దరు బౌలర్లని తెచ్చుకో, క్రెడిట్లు కూడా మిగులుతాయి.

బౌలర్లలో కూడా చూసుకోవాలి. మన దగ్గర అంపైర్లు ఎవరు? బ్యాటింగ్ చేసే టీమ్ వాళ్లే ఇద్దరు నిలబడతారు. ఎల్‌బీకి వేలు ఎత్తడం అనేది ఉండదు, సొంత తమ్ముడు ఆడుతుంటే వాడెందుకు ఎత్తుతాడు. కాబట్టి ప్యాడ్లకి తగిలించే ఇన్‌స్వింగర్ ఎంత బాగా వేసినా నీకు పాయింట్లు రావు. నేరుగా వికెట్లకి వేసేవాడు, చివరి ఓవర్లలో టెయిల్‌కి, అంటే ఆఖర్లో వచ్చే బ్యాటర్లకి, యార్కర్లు వేసేవాడు కావాలి. మ్యాట్ మీద బంతి బాగా తిరిగి లేస్తుంది కాబట్టి లెగ్‌స్పిన్నర్ ఎవడైనా ఉంటే కళ్లు మూసుకుని తీసుకో, కాకపోతే వాడి క్యాచ్‌లు పట్టే ఫీల్డర్లు ఆ టీమ్‌లో ఉన్నారో లేదో చూడు.

క్యాచ్ పాయింట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. నేను ఏళ్లుగా స్కోర్ రాస్తున్నా, బౌండరీ దగ్గర ఎవరు పట్టారో అవతలి టీమ్‌ని అడిగితే ఒక్కొక్కడు ఒక్కో పేరు చెప్తాడు, ఈలోపు తర్వాతి బంతి పడిపోతుంది, ఎవరో ఒకరి పేరు పడుతుంది. కీపర్ పట్టింది మాత్రం తప్పు పడదు. అందుకే ఓపెనింగ్ చేసే కీపర్ ఉంటే వాడికి క్రెడిట్లు పెట్టొచ్చు.

గూడూరు నిమ్మకాయ:

మామ చెప్పిన లెక్క కరెక్టే కానీ అసలు లెక్క శుక్రవారం రాత్రి ఉంటుంది. ఈ వారం ఎవడు వస్తాడు, ఎవడు రాడు. ఐపీఎల్‌లో ఆడేవాడి ఉద్యోగమే ఆడటం, మనవాళ్లకి అలా కాదు కదా. మా టీమ్‌లో మంచి లెఫ్టార్మ్ పేసర్ శ్రీసిటీలో పని చేస్తాడు, షిఫ్ట్ మారిన వారం గ్రౌండ్‌కి రాడు, వచ్చినా నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తాడు, రెండో ఓవర్‌కే పరుగు తగ్గిపోతుంది. రొయ్యల గుంటలు ఉన్నోళ్లు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేది, ఉన్న రోజు రారు, సరుకు ఎత్తే లారీ ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. మార్చిలో వరి కోతలు, ఇంటర్ పరీక్షలు. పైన పెళ్లి ముహూర్తాలు. మంచి ముహూర్తం ఆదివారం పడిందంటే సగం టీమ్ పెళ్లి భోజనాల్లో ఉంటుంది, గ్రౌండ్‌లో ఏడుగురితో మ్యాచ్ మొదలుపెట్టినవి నేను చూశా.

నువ్వు ఆ ఊళ్లోవాడివే, ఈ సమాచారం నీకు ఊరికే దొరుకుతుంది. ప్రతి టీమ్‌లో ఒక్కడితో మాట కలుపు. టీ కొట్టు దగ్గర "ఏందన్నా ఈ ఆదివారం ఫుల్ టీమేనా" అంటే చాలు, వాళ్లే చెప్తారు. రెండు మార్పుల్నీ శనివారం పొద్దున దాకా వాడొద్దు. సోమవారమే మార్చేసేవాడు మీ గ్రూపులో కచ్చితంగా ఉంటాడు, నీకు కావాల్సింది వాడి పాయింట్లే.

ఒంగోలు ఆఫ్‌కట్టర్:

కెప్టెన్ ప్రశ్నకి ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆ ఆల్‌రౌండర్‌ని తీసేయొద్దు, వైస్ కెప్టెన్ చెయ్. కెప్టెన్సీ ఇంకెవరూ పెట్టుకోని బౌలర్‌కి ఇవ్వు. లెక్క చూడు, ఆల్‌రౌండర్ 60 పాయింట్లు తెచ్చాడనుకో, వాళ్లకి 120, నీకు 90, పోయింది 30. నీ బౌలర్ మూడు వికెట్లు తీస్తే 75, కెప్టెన్ కాబట్టి 150. వాడు ఒక్క వికెట్టే తీస్తే మాత్రం కెప్టెన్సీ వల్ల పైన వచ్చేది 25, ఆ 30 పూడదు, కాబట్టి వికెట్లు తీసేవాడినే చూసుకో. ముందున్నవాడు అందరూ పెట్టేవాడినే కెప్టెన్ పెట్టుకుంటాడు, వాడికి అదే సేఫ్. వెనకున్నవాడు కూడా అదే చేస్తే నాలుగో ప్లేస్‌కే సీజన్ అయిపోతుంది.

మామతో ఒక్క దగ్గర ఒప్పుకోను. బౌలర్లనే నింపుకుంటే, టాస్ గెలిచిన టీమ్ పొద్దున ఎనిమిదికి మంచులో ఫీల్డింగ్ ఎంచుకుంటే సరే, మధ్యాహ్నం రెండో మ్యాచ్ అయితే మ్యాట్ ఎండిపోయి, పేసర్లకి ఏమీ ఉండదు, అవతలివాళ్లు 150 కొట్టేస్తారు. మీ గ్రౌండ్‌లో పొద్దున మ్యాచ్‌కీ మధ్యాహ్నం మ్యాచ్‌కీ స్కోర్లు విడివిడిగా చూసుకో. పేసర్‌ని పొద్దున మ్యాచ్ ఉన్న టీమ్ నుంచి, బ్యాటర్‌ని మధ్యాహ్నం ఆడే టీమ్ నుంచి.

ఇంకోటి, వాయిదా పడ్డ మ్యాచ్‌లు ఏమైనా ఉన్నాయా? ఉంటే అవి ఏదో ఒక వారంలో ఇరికిస్తారు, ఆ వారం ఒక టీమ్ శనివారం, ఆదివారం రెండూ ఆడుతుంది. ఆ టీమ్ నుంచి నలుగురిని పెట్టుకుంటే ఆ నలుగురికీ రెండు మ్యాచ్‌ల పాయింట్లు. 180 తేడా ఆ ఒక్క వారంలోనే సగం తగ్గొచ్చు. షెడ్యూల్ రాసేవాడిని పట్టుకో.

కావలి కవర్‌డ్రైవ్:

అన్నా, వాయిదా మ్యాచ్ ఉంది! గ్రౌండ్‌లో ఏదో మీటింగ్ పెట్టారని ఒకటి ఆపేశారు, ఇంకా డేట్ ఇవ్వలేదు. ఇది నాకు తట్టనే లేదు. ధరలు మామ చెప్పినట్టే ఉన్నాయి, పోయిన ఏడాది బెస్ట్ బ్యాట్స్‌మన్ 11, వాడు ఈసారి ఇంకా 30 దాటలేదు.

స్కోరర్ మామ, నెల్లూరు:

మరి వాడిని ఎందుకు మోస్తున్నావు, ఈ శనివారమే దించు.

ఆ 200 సంగతి. వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు, మన రాష్ట్రం వాళ్లకి పెద్ద యాప్‌లలో డబ్బు పోటీలు అందుకే ఉండేవి కావు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది, నైపుణ్యమా అదృష్టమా అనే వాదన దాంట్లో పనికిరాదు, డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆట ఏదైనా కుదరదు. అప్పట్లో టీమిండియా జెర్సీ మీద పేరున్న డ్రీమ్ ఎలెవన్ కూడా డబ్బు పోటీలు ఆపేసింది. మీరు పదిమంది ఫోన్లలో డబ్బులు వేసుకుని షీట్‌లో ఆడితే అది దేని కిందకి వస్తుందో వాదించుకోవడం మనకెందుకు. ఎంట్రీ ఏమీ వద్దు, గెలిచినోడికి ఒక కప్పు ఇవ్వండి, చివరోడి చేత అందరికీ టీ చేయించండి.

డబ్బు వస్తే ఇంకో గొడవ కూడా వస్తుంది. ఆడేవాళ్లే ఫాంటసీ కూడా ఆడుతున్నారు కదా మీ దగ్గర?

కందుకూరు కీపర్:

మామ అడిగింది చాలా ముఖ్యం, దీని మీదే మా గ్రూపు పగిలిపోయింది. మా దగ్గర ఓపెనర్ ఒకడు అవతలి టీమ్ ఫాస్ట్ బౌలర్‌ని ఫాంటసీ కెప్టెన్ పెట్టుకున్నాడు. మ్యాచ్‌లో వాడి బౌలింగ్‌లోనే బౌల్డ్ అయ్యాడు, డకౌట్. నిజంగానే మంచి బంతి, నేను నాన్‌స్ట్రైకర్‌గా చూశా. కానీ ఎవడు నమ్ముతాడు? 33 పాయింట్లు, రెండింతలు 66, వాడి డక్‌కి పోయింది 2. సాయంత్రం నుంచి గ్రూపులో ఒకటే తిట్లు.

తర్వాత రూల్ పెట్టాం. నువ్వు ఆడే మ్యాచ్‌లో అవతలి టీమ్‌వాడు నీ పదకొండులో ఉండొచ్చు, కెప్టెన్, వైస్ కెప్టెన్ మాత్రం కాకూడదు. స్కోర్ రాసేవాడు ఫాంటసీ ఆడకూడదు. ధరలు పెట్టేవాడు కూడా ఆడకూడదనుకున్నాం గానీ అప్పుడు ధరలు పెట్టడానికి ఎవడూ ముందుకి రాలేదు, అది వదిలేశాం.

రూల్స్ సీజన్ మధ్యలో మార్చొద్దు. వికెట్‌కి 25 ఎక్కువ, 20 చాలు అని నాకూ అనిపిస్తుంది, వైడ్‌కి ఒక పాయింట్ కోత కూడా పెట్టాలి, కానీ అది వచ్చే ఏడాదికి. ఇప్పుడు మారిస్తే ముందున్నవాడు ఊరుకుంటాడా.

కావలి కవర్‌డ్రైవ్:

200 సంగతి గ్రూపులో చెప్పేశా, ఇద్దరు మూతి ముడుచుకున్నారు, సరే. నేనూ ఆడతాను కాబట్టి కీపర్ అన్న చెప్పిన కెప్టెన్ రూల్ ఈ వారమే పెట్టమని అడుగుతా, దాంతో ఎవరి పాయింట్లూ మారవు కదా.

టీమ్ ఇప్పటికి ఇలా అనుకుంటున్నా. ఆ 11 క్రెడిట్ల బ్యాట్స్‌మన్ బయటకి, వాడి బదులు వాయిదా మ్యాచ్ ఉన్న టీమ్‌లో లెగ్‌స్పిన్నర్, ధర 6.5, ఇప్పటిదాకా వాడిని ఇద్దరే పెట్టుకున్నారు. ఆల్‌రౌండర్ వైస్ కెప్టెన్. కెప్టెన్ మాత్రం ఇంకా తేల్చలేదు, పొద్దున మ్యాచ్ ఆడే అల్లూరు పేసర్ అనుకుంటున్నా గానీ వాళ్ల నాన్నకి రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇవాళ సాయంత్రం పోయి కనుక్కుంటా.

గూడూరు నిమ్మకాయ:

వాడిని అడక్కు, వస్తాననే అంటాడు. వాళ్ల వైపు పట్టుబడికి ఐస్ లోడ్ వేసేవాడిని అడుగు.