10-10 దగ్గర ఆపేశాడు: ఆరా పార్సీగియన్ చేసింది తప్పా?

నాలుగో_క్వార్టర్:
పార్సీగియన్ గొప్ప అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్, ఒప్పుకుంటా. ప్రొఫెషనల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి ఆడుతూ తుంటి గాయంతో 1949లో ఆట మానేసి కోచింగ్‌లోకి వచ్చాడు, 1963లో రెండే మ్యాచ్‌లు గెలిచిన నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టుని మరుసటి ఏడాదే తొమ్మిది గెలిపించాడు. కానీ 1966 నవంబర్ 19 మాత్రం నాకు మింగుడు పడదు. మిషిగన్ స్టేట్‌తో మ్యాచ్, దేశ ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్‌కీ నంబర్ టూకీ పోటీ, స్కోరు 10-10, ఇంకా నిమిషం పైనే టైమ్, బంతి తన జట్టు చేతిలో. అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓవర్‌టైమ్ లేదు, అయినా పాస్‌లు వేయించకుండా దాదాపు అంతా పరుగు ఆటే ఆడించి టైమ్ గడిపేశాడు. గెలవాలని చూడని జట్టు ఛాంపియన్ ఎలా అవుతుంది?

ఒహాయో_బాబాయ్:
తమ్ముడూ, ఆ నిమిషానికి ముందు ఏం జరిగిందో కూడా చూడు. నోటర్ డేమ్ ముఖ్య రన్నర్ నిక్ ఎడీ రైలు దిగుతూ జారిపడి అసలు ఆడనే లేదు. పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ టెర్రీ హన్రాటీని మొదటి క్వార్టర్‌లోనే మిషిగన్ స్టేట్ డిఫెండర్ బబ్బా స్మిత్ పడగొడితే భుజం పోయింది. బదులుగా వచ్చిన కోలీ ఓబ్రయన్‌కి డయాబెటిస్, చివరికొచ్చేసరికి నీరసించిపోయాడు. అతనితో పొడవు పాస్ వేయించి, అది అవతలివాళ్ల చేతిలో పడితే ఒక్క ఫీల్డ్ గోల్‌తో (గోల్ పోస్టుల మధ్య తన్నే మూడు పాయింట్ల కిక్) అంతా పోతుంది, 0-10 నుంచి లాక్కొచ్చిన మ్యాచ్ అది! పైగా సొంత సగంలోనే, నాలుగో డౌన్‌లో (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది), గజం కావాల్సినచోట పంట్ కొట్టకుండా, అంటే బంతిని దూరంగా తన్ని వదులుకోకుండా, ముందుకే వెళ్లారు. దాన్ని చేతులెత్తేయడం అంటారా?

లాన్సింగ్_వాసి:
గాయాలు నిజమే. కానీ మిషిగన్ స్టేట్ సీజన్ ఆ రోజుతో అయిపోయింది, వాళ్ల లీగ్ బిగ్ టెన్ రూల్ వల్ల వరసగా రెండో ఏడాది రోజ్ బౌల్‌కి (సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్) వెళ్లే వీల్లేదు. నోటర్ డేమ్‌కి ఇంకో మ్యాచ్ మిగిలింది, యూఎస్‌సీని (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) 51-0తో కొట్టి, ఓట్లతో వేసే ర్యాంకింగ్‌లో మొదటి స్థానంతో జాతీయ టైటిల్ తీసుకుంది. అన్ని మ్యాచ్‌లూ గెలిచిన అలబామా మూడో స్థానంలో ఉండిపోయింది. అంతా లెక్క వేసుకునే ఆపాడు, నాకు బాధ అదే.

ఒహాయో_బాబాయ్:
లెక్క వేయడం కోచ్ పని కాదా అండీ? ధైర్యం లేదనడానికి మాత్రం వీల్లేదు. సీజన్ చివర ఆడిన 1973 షుగర్ బౌల్ మ్యాచ్ గుర్తు చేసుకోండి: అదే అలబామా మీద 24-23 ఆధిక్యం, చివరి నిమిషాలు, బంతి సొంత గోల్ గీత పక్కన, మూడో డౌన్. క్వార్టర్‌బ్యాక్ టామ్ క్లెమెంట్స్‌తో గోల్ గీత వెనకున్న ఎండ్ జోన్‌లోంచి పాస్ వేయించారు, రాబిన్ వెబర్ పట్టుకున్నాడు, మ్యాచ్ అక్కడే తేలిపోయింది.

నాలుగో_క్వార్టర్:
నేను అడిగేదీ ఆ పాస్ గురించే బాబాయ్. క్లెమెంట్స్‌ని నమ్మినట్టు ఓబ్రయన్‌ని ఎందుకు నమ్మలేదు? 0-10 నుంచి జట్టుని లేపిన టచ్‌డౌన్ పాస్ వేసింది ఆ కుర్రాడే కదా!