డిపాజిట్ కట్టందే చేర్చుకోం అన్నారు, ఏ అధికరణం కింద అడగాలి?

బట్టీపల్లె:
మా ఊరి ఇటుక బట్టీలో లోడు మీద పడి ఒడిశా కూలీ కాలు నుజ్జయింది. రక్తం కారుతుంటే ప్రైవేటు ఆసుపత్రివాళ్లు డిపాజిట్ కట్టమని గేటు దగ్గరే ఆపేశారు. అతనికి ఇక్కడి రేషన్ కార్డు లేదు. రాజ్యాంగం ప్రకారం ఏమని అడగాలి? ఫిర్యాదు ఎవరికివ్వాలి?

నల్లకోటు:
ఇలాంటి రిట్లు హైకోర్టులో చాలా వేశాను, నా మాట నమ్మండి. 21వ అధికరణం, అంటే జీవించే హక్కు. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు చూడండి. రైల్లోంచి పడిన హకీం షేక్‌ను బెడ్లు లేవని ఆసుపత్రులు తిప్పి పంపితే, సుప్రీంకోర్టు 25 వేల పరిహారం ఇప్పించింది.

మన్యంబిడ్డ:
మీకు గేటు దాకా దారైనా ఉంది. పాడేరు వైపు కొండ ఊళ్లలో నిండు చూలాలిని ఇప్పటికీ డోలీలో మోస్తున్నాం. 108 రోడ్డు మీదే ఆగిపోతుంది. గిరిజన ప్రాంతాల కోసం రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ ఉండి మాకేం ఒరిగింది?

చిన్న నర్సింగ్‌హోమ్:
లాయరు గారూ, అది సర్కారు ఆసుపత్రుల మీద తీర్పు. మాకెందుకు అంటగడతారు? ఆరోగ్యశ్రీ బిల్లులే నెలల తరబడి రావు.

నల్లకోటు:
1989 పరమానంద్ కటారా తీర్పు చదివి మాట్లాడండి. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు తర్వాత.

చిన్న నర్సింగ్‌హోమ్:
కాపాడమంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పిందా?

మన్యంబిడ్డ:
మనిషి పోతుంటే బిల్లు మాట ఎత్తడానికి నోరెలా వచ్చిందండీ?

ఉద్దానం:
మా మావయ్యది డయాలసిస్. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో గానీ రాలేదు. ప్రజారోగ్యం ప్రభుత్వ ప్రాథమిక విధి అని 47వ అధికరణంలో రాసి ఉంది కదా, దాన్ని ఎవరూ ఎత్తరేం?

నల్లకోటు:
అది ఆదేశిక సూత్రం. 37 ప్రకారం దాన్ని అమలు చేయమని కోర్టుకు వెళ్లలేరు.

ఉద్దానం:
1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఆరోగ్యం 21లో భాగమేనని సుప్రీంకోర్టే చెప్పింది. ఆదేశిక సూత్రాలను కలిపి చదివే కదా చెప్పింది!

బట్టీపల్లె:
కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆశాఅక్క:
కార్డు ఆరోగ్యశ్రీకి కావాలి తమ్ముడూ, ఎమర్జెన్సీకి అక్కర్లేదు. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం తెచ్చిన 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణ లాంటి, దాన్ని అమలు చేసుకున్న రాష్ట్రాల్లోనే వర్తిస్తుంది; దాని ప్రకారం ముందు ప్రాణాపాయం తప్పించాల్సిందే. ఆ చట్టం ఉన్నచోట జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి కలెక్టరే చైర్మన్, అర్జీ అక్కడివ్వు. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి బట్టీ యజమాని పరిహారం కట్టాలి, లేబర్ ఆఫీసులో కూడా ఇంకొకటివ్వు.