ఫారంలో ఇచ్చిన తేదీ ఒక రోజు వెనక్కి పోతోంది, ఏం చేయాలి?

నా వెబ్ అప్లికేషన్‌లో రెండు ఫారాలున్నాయి. ఒకదాంట్లో పుట్టిన తేదీ, ఇంకోదాంట్లో అపాయింట్‌మెంట్ టైమ్.

ముందు పుట్టిన తేదీ సంగతి. యూజర్ 1990-05-14 ఎంచుకుని సేవ్ చేస్తే, న్యూయార్క్ టైమ్‌జోన్ ఉన్న బ్రౌజర్‌లో మళ్లీ తెరిచినప్పుడు 13 కనిపిస్తోంది. తవ్వి చూస్తే తేలింది ఇది: జావాస్క్రిప్ట్‌లో డేట్ ఆబ్జెక్ట్‌కి ఇలా వట్టి తేదీ ఇస్తే యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది, న్యూయార్క్ దానికి వెనక ఉంటుంది కాబట్టి అక్కడ ముందు రోజు కనిపిస్తుంది; పక్కన టైమ్ కూడా రాస్తే లోకల్ టైమ్ అనుకుంటుంది. అందుకే ఇప్పుడు పుట్టిన తేదీని టెక్స్ట్‌గానే పంపి, డేటాబేస్‌లో డేట్ కాలమ్‌లో పెడుతున్నాను. ఇది సరైన పద్ధతేనా?

అసలు టెన్షన్ అపాయింట్‌మెంట్‌తో. తేదీ, టైమ్ రెండూ తీసుకునే డేట్‌టైమ్-లోకల్ ఇన్‌పుట్ టైమ్‌జోన్ ఏమీ చెప్పదు. నేను యూటీసీలోకి మార్చి దాస్తున్నాను. కానీ అపాయింట్‌మెంట్ ఆరు నెలల తర్వాత అనుకోండి, ఈలోగా ఆ దేశం డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) నియమాలు మార్చేస్తే? ఉదయం 9 కాస్తా 8 అయిపోతుంది, పాపం ఆ మనిషి వేళకాని వేళ వచ్చి నిలబడాలి. అందుకని లోకల్ టైమ్‌నీ, 'అమెరికా/న్యూయార్క్' లాంటి జోన్ పేరునీ విడివిడిగా దాచాలనుకుంటున్నాను. అప్పుడు సార్టింగ్, రిమైండర్లు ఎలా? యూటీసీ కాలమ్ కూడా పక్కన ఉంచి, నియమాలు మారినప్పుడల్లా మళ్లీ లెక్కకట్టాలా?

ఇంకొకటి. 2024 మార్చి 10న డేలైట్ సేవింగ్ మొదలై న్యూయార్క్‌లో గడియారం రాత్రి 2 నుంచి నేరుగా 3కి దూకింది, 2:30 అనేదే లేదు. యూజర్ అలాంటి టైమ్ ఎంచుకుంటే ఎర్రర్ చూపిస్తారా, 3:30కి జరిపేస్తారా? ఇది చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.