అప్‌డేట్: బూట్ కాని లాప్‌టాప్ నుంచి ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు దొరికాయి

విండోస్ బూట్ కాని పాత లాప్‌టాప్‌లోని ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కుల్ని కొత్త మెషీన్‌లోని క్రోమ్‌కి ఎలా తేవాలని అడిగాను. అన్నీ వచ్చేశాయి. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది, ఫైర్‌ఫాక్స్ తనంతట తాను బుక్‌మార్కుల బ్యాకప్‌లు దాచే "బుక్‌మార్క్‌బ్యాకప్స్" ఫోల్డర్ చూడమన్న సలహా. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్త మెషీన్‌కి తగిలించి, దాచిన ఫైళ్లు కనిపించేలా చేసి, యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్, ప్రొఫైల్స్ వరకు వెళ్లాలి. అక్కడున్న ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే బుక్‌మార్క్‌బ్యాకప్స్ ఉంటుంది. యాప్‌డేటాలోని లోకల్ కిందా అదే పేరుతో ప్రొఫైల్ ఉంటుంది. అందులో ఉండేది కాష్ (తాత్కాలిక ఫైళ్లు) మాత్రమే, దాన్ని వదిలేయండి.

బ్యాకప్ ఫైలు పేరులో తేదీ, దాని పక్కనే బుక్‌మార్కుల సంఖ్య ఉంటాయి. కొత్త తేదీ ఒక్కటే చూడకండి. సంఖ్య ఒక్కసారిగా పడిపోయి ఉంటే, దానికి ముందుదే తీసుకోండి.

కొత్త మెషీన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి, కంట్రోల్+షిఫ్ట్+ఓ నొక్కి, "ఇంపోర్ట్ అండ్ బ్యాకప్"లో రిస్టోర్, చూజ్ ఫైల్. జాగ్రత్త, రిస్టోర్ అక్కడున్న బుక్‌మార్కులకు కొత్తవి కలపదు, పాతవి తీసేసి వాటి చోట పెడుతుంది. ఆ బ్యాకప్‌ని క్రోమ్ నేరుగా చదవలేదు కాబట్టి, అదే మెనూలో హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, క్రోమ్ బుక్‌మార్క్ మేనేజర్‌లో ఇంపోర్ట్ చేశాను. ఫోల్డర్లు యథాతథంగా వచ్చాయి.

డేటా రికవరీ సాఫ్ట్‌వేర్ అవసరపడలేదు, డిస్క్ బాగానే ఉంది. పాత మెషీన్‌లో సింక్ (బుక్‌మార్కుల్ని ఆన్‌లైన్ ఖాతా ద్వారా వేరే మెషీన్లకు చేర్చే సదుపాయం) ఆన్ చేసి లేదు కనుక ఆ దారీ లేదు.

పాస్‌వర్డ్‌లు ఈ బ్యాకప్‌లో రావు. వాటికి అదే ప్రొఫైల్‌లోని లాగిన్స్ డాట్ జేసన్, కీ4 డాట్ డీబీ రెండూ కలిపి కాపీ చేసుకోవాలి.