రెండేళ్లు హాస్టల్లో ఉన్నా ఏమీ తెలియని అమ్మాయిని నెలలో రూర్కెలా పంపాలి. ఏం నేర్పను?

పేట కండక్టర్

అందరికీ నమస్కారం. మాది చిలకలూరిపేట. ఆర్టీసీలో కండక్టర్‌ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. మా అమ్మాయికి ఐఐటీ, నిట్ ఇంజినీరింగ్ కాలేజీల సీట్లిచ్చే జోసా కౌన్సెలింగులో ఒడిశాలోని రూర్కెలా నిట్‌లో సిరామిక్ ఇంజినీరింగ్ సీటొచ్చింది. (చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, "సిరామిక్ అంటే కప్పులూ సాసర్లేనా?" అని. ఇనుము కరిగించే కొలిమి లోపల పరిచే ఇటుకలు కూడా అందులోవేనట. అమ్మాయి చెప్తే నాకు తెలిసింది.) తాడేపల్లిగూడెం నిట్ అయితే దగ్గర కదా అని నా ఆశ. తనేమో ఆప్షన్లు పెట్టేటప్పుడు రూర్కెలాని పైన పెట్టింది. ఎందుకమ్మా అంటే "అది దూరం కదా నాన్నా" అంది. ఆ మాట మంచికో చెడుకో నాకింకా అర్థం కాలేదు.

అసలు సంగతికొస్తా. ఇంటర్ రెండేళ్లూ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది. "హాస్టల్ అలవాటే కదా, ఇంకేం భయం" అంటున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నా. తెల్లారి ఐదింటికి లేపేవాళ్లు, రాత్రి పదిన్నరకి లైట్లు తీసేవాళ్లు. ఏ గంటకి ఏం చదవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు తల దువ్వుకోవాలో అన్నీ బెల్లు చెప్పేది. బట్టలు లాండ్రీకి, డబ్బులు వార్డెన్ దగ్గర. ఆదివారం ఫోను, అదీ వెనక క్యూలో పిల్లలు గోల చేస్తుంటే ఐదు నిమిషాలు. పరీక్షలైపోయి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున టిఫిన్ తిని, చేయి కడుక్కుని, పేపర్ చదువుకుంటున్న నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇప్పుడేం చేయాలి నాన్నా?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. "ఏముందమ్మా, కూర్చో" అన్నా. కూర్చుంది.

మొన్న ఆధార్ పని మీద ఒక్కదాన్నే గుంటూరు పంపా. మా డిపో బస్సయితే తెలిసినవాళ్లు చూసుకుంటారని, కావాలనే వేరే డిపో విజయవాడ బస్సెక్కించా. ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఆడపిల్లలకి జీరో టికెట్టే కాబట్టి చిల్లర గొడవ కూడా లేదు. గుంటూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. అమ్మాయి దిగలేదు. మంగళగిరిలో దిగి ఫోన్ చేసింది. "నాన్నా, కండక్టర్ చెప్పలేదు." ఇరవై రెండేళ్లుగా "గుంటూరు, గుంటూరు, దిగాలమ్మా" అని గొంతు చించుకుంటున్నవాడి కూతురండీ!

వాళ్లమ్మకి ఈ బెంగేమీ లేదు, పచ్చళ్ల పనిలో ఉంది. గోంగూర, పండుమిరపకాయ, కందిపొడి, నల్లకారం. ఇంకా ఇరవై ఐదు రోజులుంది. వంట నేర్పాలా, హిందీ నేర్పాలా, ఇంకేమైనానా? పిల్లల్ని పంపినవాళ్లు చెప్పండి.

కాకినాడ టీచరమ్మ

అన్నయ్యగారూ, వంట వదిలేయండి. హాస్టల్లో పొయ్యి వెలిగించనివ్వరు. మీ అమ్మాయి ఆధార్‌కి, బ్యాంకు ఖాతాకి ఎవరి ఫోన్ నంబరుందో ముందు చూడండి. నూటికి తొంభై ఇళ్లలో నాన్న నంబరే ఉంటుంది. మావాడిదీ అంతే, నా నంబరే. చేరిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం వాడు అక్కడ ఏదో కౌంటరు దగ్గర నిలబడి ఓటీపీ కోసం నాకు ఫోన్ మీద ఫోన్. నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెప్తున్నా, ఫోనేమో స్టాఫ్ రూంలో బ్యాగులో. చూసేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. ఏ యాక్సిడెంటో అయిందనుకుని నా గుండె ఆగినంత పనైంది. మీ అమ్మాయి పేరు మీద సిమ్ తీసుకుని, దాన్నే ఆధార్‌కి, ఖాతాకి మార్పించండి. ఆ పని కూడా మీరు పక్కన నిలబడకుండా తనతోనే చేయించండి. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వాలి. అది అయిందో లేదో కూడా ఆ వెళ్లినప్పుడే కనుక్కోమనండి.

ఇంక డబ్బు. నెలకింత అని ఒకటో తారీఖున ఒకేసారి వేయండి. అడిగినప్పుడల్లా రెండొందలు, ఐదొందలు పంపడం మొదలుపెట్టారా, నాలుగేళ్లూ మీరే వాళ్ల పర్సు. మావాడికి మొదటి నెల డబ్బు పన్నెండో తారీఖుకే అయిపోయింది. నేను గట్టిగా ఉన్నాను, పంపలేదు. వాళ్ల నాన్న నాకు తెలియకుండా పంపారు. రెండో నెల ఎనిమిదో తారీఖుకే అయిపోయింది. అర్థమైంది కదా! మీ ఇంట్లో ఆ మెత్తని మనిషి ఎవరో ఇప్పుడే తేల్చుకోండి.

రూర్కెలా థర్డ్ ఇయర్

నమస్తే అంకుల్. నేను అక్కడే థర్డ్ ఇయర్, మాది విజయనగరం. మీ పోస్టు చదివి నవ్వొచ్చింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. నేనూ ఆ బెల్లు హాస్టల్ పిల్లనే.

పచ్చళ్ల సంగతి ముందు చెప్తాను, ఆంటీకి చూపించండి. మా అమ్మ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకి టేపు చుట్టి, సర్టిఫికెట్లున్న సూట్‌కేసులోనే సర్దింది. పార్వతీపురం దాటకముందే కారింది. అడ్మిషన్ రోజు నా టీసీ మీద అరచేయంత నూనె మరక. అక్కడ కూర్చున్న సార్ దాన్ని వాసన చూసి "మ్యాంగో?" అన్నారు. పచ్చడి వద్దని కాదు, బాగా కావాలి. అటువైపు వంటల్లో ఆవనూనె ఎక్కువ, ముక్కుకి ఘాటుగా తగులుతుంది. మొదటి రెండు వారాలు నేను అన్నం, పెరుగు, కందిపొడితోనే బతికాను. కానీ పచ్చడి వేరే సంచిలో పెట్టండి. ఒరిజినల్స్ అన్నీ స్కాన్ చేసి తన ఫోన్లో కూడా పెట్టుకోమనండి.

రైలుకి బొకారో ఎక్స్‌ప్రెస్ చూడండి. అదే ధన్‌బాద్ వెళ్లే అలెప్పీ బండి. విజయవాడలో ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పూర్ మీదుగా మారకుండా వెళ్లిపోవచ్చు. దాదాపు ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. ఆలస్యమైతే వేళకాని వేళలో దిగాల్సి వస్తుంది, కాబట్టి గది ముందే మాట్లాడుకోండి. హిందీ కోసం ఇప్పుడు పుస్తకాలు కొనకండి. జిరాక్స్ షాపులో, ఆటో దగ్గర తప్పులు మాట్లాడితే దసరాకల్లా అదే వస్తుంది. స్టీల్‌ప్లాంట్ ఊరు కాబట్టి తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. క్యాంపస్‌లో తెలుగు పిల్లల గుంపు మొదటిరోజే పలకరిస్తుంది. మంచివాళ్లే. కానీ నాలుగేళ్లూ వాళ్లతోనే తిరిగితే అంత దూరం వెళ్లి పేటలోనే ఉన్నట్టు.

ఇంకొక్క విషయం. మొదటి సెమిస్టర్లో నాకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులు ఇంట్లో చెప్పలేదు. రోజూ ఫోన్లో "తిన్నాను, బాగున్నాను" అనే చెప్పాను. చెప్తే అమ్మ ఏడుస్తుంది, నాన్న రైలెక్కేస్తారు, దాని కంటే జ్వరమే నయం అనిపించింది. మూడో రోజు రూమ్మేటే (జార్ఖండ్ అమ్మాయి, అప్పటికి మా ఇద్దరికీ సరిగ్గా మాటలే కలవలేదు) చేయి పట్టుకుని క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లింది. తర్వాత అమ్మతో ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను ఏం చెప్పినా ముందు వినాలి, నేను రమ్మంటేనే రావాలి. అప్పట్నుంచీ అన్నీ చెప్తున్నా. మీరు ఆ ఒప్పందం వెళ్లకముందే చేసుకోండి అంకుల్.

పాత ఆర్‌ఈసీ

మేం 1988లో వరంగల్ ఆర్‌ఈసీకి (ఇప్పటి వరంగల్ నిట్) ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో వెళ్లాం. మా నాన్న బస్టాండు దాకా వచ్చి "జాగ్రత్త" అని వెనక్కి తిరిగాడు. ఓటీపీల్లేవు, ఒప్పందాల్లేవు. ఎవరూ ఏమీ నేర్పలేదు. ఇప్పటి తల్లిదండ్రులది అతి.

కాకినాడ టీచరమ్మ

అలా పంపితే అంతా బాగానే జరిగిందా అండీ మీకు?

పాత ఆర్‌ఈసీ

అడిగారు కాబట్టి నిజమే చెప్తాను. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాయి. ఊళ్లో నేనే ఫస్టు. అక్కడికెళ్తే క్లాసులో అందరూ వాళ్ల వాళ్ల ఊళ్లలో ఫస్టే. మార్కుల కాగితం చూసి, ఇంటికి రాసే ఉత్తరంలో "చదువు బాగా సాగుతున్నది" అని రాశాను. ఆ ఒక్క అబద్ధం నిలబెట్టడానికి ఇంకో ఏడాది అబద్ధాలాడాను. సప్లిమెంటరీ ఫీజుకని చేతి గడియారం అమ్మి, పోయిందని చెప్పాను.

కాబట్టి కండక్టర్ గారూ, మాట కొంచెం మారుస్తున్నా. మీ అమ్మాయికి ఇంటర్లో వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకులు ఉండి ఉంటాయి. అక్కడ నువ్వు వెనకబడుతున్నావని వారం వారం ఎవరూ చెప్పరు. సెమిస్టర్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి తెలుస్తుంది. ఒక సబ్జెక్టు పోయినా ఇంటికి ఫోన్ చేసి చెప్పే ధైర్యం ఉంటే చాలు, మిగతాది తనే చూసుకుంటుంది. ఆ ధైర్యం మీరే ఇవ్వాలి. దానికి ముందు మీరు ఫెయిలైన సంగతులు ఒకటో రెండో తనకి చెప్పండి. మా పిల్లలకి నేను ఆ గడియారం కథ చెప్పడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

ర్యాగింగ్ గురించి ఎవరూ రాయలేదు. మా రోజుల్లో దానికి అడ్డూ ఆపూ లేదు. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చాక, చేరేటప్పుడే పిల్లల చేత, తల్లిదండ్రుల చేత అఫిడవిట్ తీసుకుంటున్నారు. హెల్ప్‌లైన్ 1800-180-5522. తన ఫోన్లో సేవ్ చేయించండి. అవసరం రాదనే అనుకుందాం.

పేట కండక్టర్

అందరికీ పేరుపేరునా దండాలు. పది రోజులు డ్యూటీలు వరసగా పడి రాయలేకపోయాను. ఏం జరిగిందో చెప్తాను.

టీచరమ్మ గారూ, మా ఇంట్లో మెత్తని మనిషిని నేనే. తేలిపోయింది. సిమ్ పనికి, ఆధార్ పనికి అమ్మాయే మళ్లీ గుంటూరు వెళ్లింది. ఈసారి బస్టాండులో దిగి ఫొటో పెట్టింది. ఫొటోలో బోర్డు మాత్రమే ఉంది, మనిషి లేదు. వేలిముద్రలు కూడా ఇచ్చి వచ్చింది. వాళ్లు ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపబోతే పక్క షాపులో ప్రింటు తీయించుకుని మళ్లీ క్యూలో నిలబడిందట. ఇది నాకు రాత్రి అన్నం తినేటప్పుడు మాటల్లో తెలిసింది. ఫోన్ చేసి అడగలేదు.

ఆర్‌ఈసీ గారూ, మీరన్నట్టు నా సంగతీ చెప్పాను. సర్వీసులో చేరిన మొదటి ఏడాది క్యాష్ కట్టేటప్పుడు మూడు వందల నలభై రూపాయలు తక్కువ పడింది. చెకింగ్‌లో దొరికినట్టు అవుతుందని భయపడి, ఇంట్లో చెప్పకుండా వాళ్లమ్మ పండక్కి దాచుకున్న డబ్బులోంచి తీసి కట్టాను. అమ్మాయి విని చాలాసేపు నవ్వింది. వంటింట్లోంచి వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ డబ్బు నువ్వేనా తీసింది?" అంది. ఇరవై ఒక్క ఏళ్లకి బయటపడింది. ఆ గొడవ ఇంకా చల్లారలేదు, మీకు నా ధన్యవాదాలు.

రైలు టికెట్లు తననే చేయమన్నా. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు కదా, మేం ఆలస్యం. స్లీపర్‌లో వెయిటింగ్ చాంతాడంత ఉందట. తత్కాల్‌కి ఆగుదామా, పదకొండింటికి కూర్చుని కొడదామా అని నేను ఆలోచిస్తుండగానే థర్డ్ ఏసీలో బెర్తులు చూసి తీసేసింది. నన్ను అడగలేదు. డబ్బు బాగా ఎక్కువైంది. ఏదో అనబోయాను, వాళ్లమ్మ గిల్లింది.

వెళ్లడానికి ముగ్గురికి, రావడానికి ఇద్దరికి. రిటర్న్ టికెట్ అడ్మిషన్ అయిన మర్నాటికే ఉంది. నేను నాలుగు రోజులుండి అన్నీ చూసి వద్దామనుకున్నా. "మర్నాడే ఏంటమ్మా?" అంటే "నీకు లీవులు తక్కువ కదా నాన్నా" అంది. నా లీవులు నాకు తెలుసు, ముప్పై పైనే ఉన్నాయి. తనకీ తెలుసు. ఏమీ అనలేదు.

ఒప్పందం కూడా అయింది. రమ్మంటేనే రైలెక్కుతాం. వాళ్లమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

థర్డ్ ఇయర్ అమ్మా, పచ్చళ్లు ఈసారి బజార్లో కవర్లకి సీలు వేయించాం. సర్టిఫికెట్లు వేరే సంచి, అది అమ్మాయి ఒళ్లోనే. మీకు కూడా గోంగూర ఒక కవరు తెస్తున్నాం. హాస్టల్ గేటు దగ్గర ఎవరికి ఇచ్చి వెళ్లాలో చెప్పు తల్లీ.