విశాఖ చిత్రాలయ పాత సినిమా హాలు ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా?

కంచరపాలెం అబ్బాయి:
మా నాన్న షిప్‌యార్డులో రిటైరయ్యారు. పోయిన వారం జగదాంబ వైపు తీసుకెళ్తే, చిత్రాలయ మాల్ ముందు బండి ఆపమని కాసేపు అలాగే చూస్తూ నిలబడిపోయారు. పెళ్లయ్యాక అమ్మతో చూసిన మొదటి సినిమా అక్కడేనట. అమ్మ ఇప్పుడు లేదు. "టికెట్ కౌంటరు ఎటుండేదిరా" అని నన్నే అడిగారు, నాకేం తెలుసు, నాకు గుర్తున్నవన్నీ మల్టీప్లెక్సులే. పేరైతే ఉంచారు గానీ పాత హాలు ఆనవాలు ఒక్కటీ లేదక్కడ. హాలు ముందు భాగం కనిపించే ఫోటో ఉంటే ఫ్రేము కట్టించి ఇద్దామని. నెట్‌లో అన్నీ మాల్ ఫోటోలే వస్తున్నాయి.

పూర్ణామార్కెట్ వాసి:
హాలు ఫోటో అని అడిగితే దొరకడం కష్టం తమ్ముడూ. ఆ రోజుల్లో హాలుకి ఎవరూ ఫోటో తీయలేదు, హీరో కటౌట్‌కి తీశారు. రిలీజు రోజు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫ్యాన్స్ అంతా వరసగా నిలబడి స్టూడియో ఆయన్ని పిలిపించి తీయించుకునేవాళ్లం, హాలు వెనకాల ఉంటుంది. కాబట్టి పాత ఫ్యాన్స్ అసోసియేషన్ల వాళ్లని, వంద రోజుల ఫంక్షన్ ఫోటోలు దాచుకున్నవాళ్లని అడుగు. నా ఆల్బమ్ కూడా తీస్తాను.

ఇంకో మాట. ఈనాడు 1974 ఆగస్టు 10న మన విశాఖలోనే మొదలైంది. మీవాళ్ల పెళ్లి ఆ తర్వాతే అయితే ఆ నెల పేపర్లలో సినిమా ప్రకటనలు తిరగేస్తే చిత్రాలయలో ఏది ఆడిందో తేలొచ్చు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పాత సంచికలు ఏ ఏడాది నుంచి ఉన్నాయో కనుక్కో.

ఆపరేటర్ గారమ్మాయి:
మా నాన్నగారు ఊళ్లోనే వేరే హాల్లో ఆపరేటర్, అదీ ఇప్పుడు లేదు. కార్బన్ కడ్డీల వెలుగుతో బొమ్మ వేసే రోజులవి, కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరుపాటుగా ఉంటే తెర మసకబారి నేల టికెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి. రెండు వేల అడుగుల రీలు దాదాపు 22 నిమిషాలు, తెర కుడివైపు పై మూల చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్‌కి మార్చాలి. ఇంట్లో టీవీ చూస్తున్నా ఆయన కళ్లు ఆ మూలకే పోయేవి.

హాలు కూల్చేస్తున్నారని ఆయనకి ఎవరూ చెప్పలేదండి. అటు వెళ్తుంటే ప్రొజెక్టర్ గది గోడ సగం పడి ఉంది, తెర లేచే ముందు వేసే ఘంటసాల పాట ఆ రోజంతా పాడుకుంటూనే ఉన్నారు. తర్వాత నేనే కాగితం ఇచ్చి గీయమన్నాను. సైకిల్ స్టాండు, సోడా బండి, బెంచీ క్లాసు తలుపు అన్నీ గీశారు. ఫోటో దొరికేలోపు మీ నాన్నగారికీ ఓ కాగితం ఇచ్చి చూడండి.

కంచరపాలెం అబ్బాయి:
అక్కా, నిన్న రాత్రి ఇచ్చాను. ముందు చేయి వణుకుతోంది, నా వల్ల కాదన్నారు, తర్వాత గంటసేపు లేవలేదు. పెళ్లి 1983 మేలో, సెకండ్ షోకి వెళ్లారట. మగాళ్ల క్యూ రోడ్డు దాకా ఉంటే, ఆడవాళ్ల కౌంటరు ఖాళీగా ఉందని అమ్మే వెళ్లి రెండు టికెట్లూ తెచ్చిందట. కాగితం మీద ఆ కౌంటరు దగ్గర అమ్మ పేరు రాశారు. ఫోటో మాత్రం ఇంకా కావాలి, అన్నా, మీ ఆల్బమ్ తీసినప్పుడు చెప్పండి, నేనే వస్తాను.