గోల్ఫ్ డ్రైవర్ షాఫ్ట్ మార్చాక బంతి లేవడం లేదు, పైగా కుడికి పోతోంది. తప్పు షాఫ్ట్‌దా, నాదా?

వీకెండ్ బోగీ:
అందరికీ నమస్తే. గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్లు, హ్యాండికాప్ 19, కుడిచేతి వాటం, ఆడేది గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో. నా డ్రైవర్‌కి (దూరం కొట్టే పొడుగు క్లబ్) కంపెనీ నుంచి వచ్చిన షాఫ్ట్ (క్లబ్ కర్ర) రెగ్యులర్ ఫ్లెక్స్, అంటే మామూలుగా వంగేది, 52 గ్రాములు. బంతి బాగా పైకి లేచి చివర్లో కాస్త ఎడమకి తిరిగేది, అయినా చాలాసార్లు ఫెయిర్‌వేలోనే (మధ్యలో గడ్డి కత్తిరించిన దారి) పడేది. రెండు నెలల కింద ఒక షాపుకి గ్రిప్ మార్పిద్దామని వెళ్తే, "ఇంత పొడుగు మనిషి రెగ్యులర్ వాడటం ఏంటి సార్, ఎక్స్‌ట్రా స్టిఫ్ వేయండి, బాణంలా పోతుంది" అని 73 గ్రాముల సెకండ్ హ్యాండ్ ఎక్స్ ఫ్లెక్స్ అంటగట్టారు. నేనూ ఆశపడ్డాను, అది వేరే సంగతి.

అప్పటినుంచి బంతి నడుం ఎత్తు దాటి లేవడం లేదు, లేచిందల్లా కుడివైపు చెట్లలోకి పోతోంది. మా క్యాడీ అయితే నేను కొట్టకముందే కుడివైపు నడక మొదలుపెడుతున్నాడు. రేంజ్‌లో మెషిన్ మీద స్వింగ్ స్పీడ్ గంటకి 91, 92 మైళ్లు చూపిస్తోంది. నిజంగా షాఫ్ట్ వల్ల ఇంత తేడా వస్తుందా? కిక్ పాయింట్, టార్క్ అని ఏవేవో అంటున్నారు, అవి చూసి ఇంకోటి కొనాలా? ఇంకో 20 వేలు పెడితే ఇంట్లో అన్నం పెట్టరు.

మల్లిగన్ మామ:
92 స్పీడ్‌కి ఎక్స్ ఫ్లెక్సా! మోపెడ్‌కి లారీ టైరు వేసినట్టుంది. పాతది బిగించుకోండి బాబూ. కేస్ క్లోజ్.

షాఫ్ట్ పిచ్చి:
కేస్ అంత తొందరగా క్లోజ్ చేయకండి మామా. పాతది వేసుకోమనడం సరే, కారణం తెలియకపోతే రేపు ఇంకో షాపులో ఇంకోటి అంటగడతారు. నేనుండేది డాలస్ దగ్గర, పదేళ్లుగా గరాజ్‌లో నా క్లబ్బులు నేనే బిగించుకుంటాను, మా ఆవిడకి ఆ ఎపాక్సీ వాసన అంటే అసహ్యం.

ముందు ఒకటి చెప్పాలి. క్లబ్ ఫేస్, అంటే హెడ్‌లో బంతిని తాకే ముందు భాగం, బంతికి ఆనుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేలో వంతు. ఆ కాస్త టైములో షాఫ్ట్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. హెడ్‌ని ఏ కోణంలో, ఏ చోటికి తెచ్చిపెట్టిందన్నదే దాని పని, అదంతా బంతిని తాకకముందే అయిపోతుంది.

షాఫ్ట్ వెనక్కి వంగి, చివర్లో కొరడాలా బంతిని కొడుతుందని చాలామంది అనుకుంటారు. వెనక్కి వంగడం నిజమే గానీ అది కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడు. బంతి దగ్గరికి వచ్చేసరికి షాఫ్ట్ ముందుకి వంగి ఉంటుంది. డ్రైవర్ హెడ్ బరువు షాఫ్ట్ గీతకి సూటిగా ఉండదు, వెనక్కి ఉంటుంది కదా, ఆ వేగంలో హెడ్ బయటికి లాగుతుంటే ఆ బరువంతా మీ చేతులకి వరసలోకి రావాలని చూస్తుంది, దాంతో షాఫ్ట్ చివర ముందుకి వంగి ఫేస్ కొంచెం పైకి చూస్తుంది, కొంచెం మూసుకుంటుంది కూడా. చివర మెత్తగా ఉంటే ఇది ఎక్కువ, గట్టిగా ఉంటే తక్కువ. మీ పాతదాంతో ఎత్తుగా ఎడమకి, కొత్తదాంతో కిందగా కుడికి. లెక్క కలిసింది కదా?

కలిసింది గానీ చాలదు. ఒకే మనిషి చేతిలో ఫ్లెక్స్ మారిస్తే లాంచ్‌లో, అంటే బంతి లేచే కోణంలో, వచ్చే తేడా మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు, నడుం ఎత్తున పోవడానికి అది సరిపోదు. నాకు అనుమానం బరువు మీద, పొడుగు మీద. ఒక్కసారిగా 21 గ్రాములు పెరిగితే చేతికి వెంటనే తెలుస్తుంది, గట్టి షాఫ్ట్ వంగినట్టే అనిపించదు, దాంతో మనిషి తెలియకుండానే బలం పెట్టి భుజంతో పైనుంచి లాగుతాడు, బంతి హీల్ వైపు (ఫేస్‌లో షాఫ్ట్ దగ్గరి కొసకి) తగులుతుంది. హీల్‌కి తగిలితే గేర్ ఎఫెక్ట్ వల్ల, అంటే హెడ్ మెలితిరిగి బంతికి పక్కకి స్పిన్ ఇవ్వడం వల్ల, కుడికి తిరుగుతుంది. ఫేస్ కింది భాగంలో తగిలితే లేవదు, స్పిన్ మాత్రం పెరుగుతుంది. మీ బంతి రెండూ చేస్తోంది.

షాఫ్ట్ మీద ఉన్న ఎక్స్, ఎస్, ఆర్ అక్షరాలని మాత్రం నమ్మకండి. వాటికి పరిశ్రమ మొత్తానికి ఒకే ప్రమాణం లేదు, ఒక కంపెనీ స్టిఫ్ ఇంకో కంపెనీ రెగ్యులర్ అంత మెత్తగా ఉండొచ్చు. అందుకే క్లబ్బులు కట్టేవాళ్లు షాఫ్ట్‌ని ఒక చివర బిగించి, రెండో చివర బరువు కట్టి, ఊపి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెడతారు. పైగా మీది సెకండ్ హ్యాండ్. పాత ఓనర్ టిప్ వైపు (హెడ్ బిగించే కొస) కోసి ఉంటే రాసినదానికంటే ఇంకా గట్టిగా ఉంటుంది. కిక్ పాయింట్, అంటే షాఫ్ట్ ఎక్కువగా వంగే చోటు, దాని గురించి బ్రోషర్లలో రాసినంత మహిమ బంతిలో కనపడదు. టార్క్ అంటే మెలితిరిగే గుణం. స్టీల్ రాకముందు, అంటే అమెరికాలో 1924లో, బ్రిటన్‌లో 1929లో అనుమతి ఇచ్చేదాకా, అందరూ హికరీ కర్రతో ఆడినవాళ్లే, అది ఎంత మెలితిరిగేదో, అయినా నిదానంగా ఊపి నిటారుగా కొట్టినవాళ్లున్నారు.

కాబట్టి డబ్బు తీయకండి. ఆఫీసులో వైట్‌బోర్డ్ మార్కర్ ఉంటుంది కదా, అది తీసుకెళ్లి బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెట్టి కొట్టండి. ఎక్కడ తగిలిందో ఫేస్ మీద అచ్చు పడుతుంది. టేప్‌తో రెండు షాఫ్టుల పొడుగూ కొలవండి.

గ్రిప్ చూస్కో:
బాగానే చెప్పారు గానీ నేను ఒప్పుకోను. బంతి ఏ వైపు మొదలవుతుందో దాదాపు ఫేస్ చూసే దిశే చెబుతుంది, తర్వాత ఎటు తిరుగుతుందో ఫేస్‌కీ స్వింగ్ దారికీ ఉన్న తేడా చెబుతుంది. షాఫ్ట్ పేరు చెప్పుకుని స్లైస్‌ని (బంతి కుడికి తిరిగిపోవడం) దాచుకునేవాళ్లని నేను చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకణ్ని. నాలుగు పాఠాలకి డబ్బు పెట్టండి.

షాఫ్ట్ పిచ్చి:
ఒప్పుకుంటా అన్నా, కానీ ఆ ఫేస్ తెరుచుకోవడానికి కొత్త షాఫ్ట్ బరువే కారణమైతే? అదే మనిషి, అదే హెడ్, రెండు నెలల కింద ఎడమకి పోయేది.

బీచ్‌రోడ్ స్లైస్:
నాది విశాఖ, ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడతాను. మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురొస్తుందని నేనూ బంతి కిందగా పోవాలని స్టిఫ్ వేసుకున్నాను. బంతి కాస్త కిందగా పోయిన మాట నిజమే, కానీ సగం సార్లు కుడికి కూడా పోయింది. చివరికి టీ తగ్గించి, గ్రిప్ మీద చేతులు ఒక అంగుళం కిందికి పట్టుకుంటే అదే పని ఖర్చు లేకుండా అయింది. ఐరన్లకి మాత్రం 120 గ్రాముల స్టీల్ తీసేసి 80 గ్రాముల గ్రాఫైట్ వేసుకున్నాను, బంతి కొంచెం ఎత్తుగా పోతోంది, మోచేయి నొప్పి తగ్గింది, దూరం ఏమీ పెరగలేదు.

వీకెండ్ బోగీ:
నిన్న ఉదయం రేంజ్‌కి మార్కర్ తీసుకెళ్లాను. కొత్త షాఫ్ట్‌తో 12 బంతులు. తొమ్మిది చుక్కలు హీల్ వైపు, అందులో ఆరు మధ్య గీతకి కింద, చీమలు వరస కట్టినట్టు ఒకేచోట. టేప్ పెడితే కొత్తది 46.25 అంగుళాలు, పాతది 45.5! ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

షాఫ్ట్ పిచ్చి:
అదీ సంగతి, పొడుగెక్కితే ఫేస్ మధ్యలో తగిలించడం కష్టం. అమెరికా ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లోనే 2022 నుంచి 46 అంగుళాలు దాటనివ్వరు, చాలామంది ప్రొఫెషనల్స్ 45 చుట్టుపక్కలే వాడతారు. ఒక అంగుళం కిందికి పట్టుకుని కొట్టి చూడండి.

వీకెండ్ బోగీ:
చూశాను. చుక్కలు మధ్యకి జరిగాయి, బంతి లేచింది, కుడికి పోవడం సగానికి తగ్గింది. తర్వాత పాతది బిగించి కొడితే ఇంకా ఎత్తుగా పోయింది, రెండు మాత్రం ఎడమకి తిరిగాయి. ప్రస్తుతానికి పాతదే. ఎక్స్ షాఫ్ట్ అమ్మకానికి పెట్టాను, పొడుగు ఎంతో రాసి మరీ పెట్టాను. పాఠాల సంగతి జీతం వచ్చాక చూద్దాం గ్రిప్ అన్నా. ఈ ఉదయం మొదటి హోల్‌లో బంతి సరిగ్గా మధ్యలో పడింది. క్యాడీ అప్పటికే కుడివైపు చెట్ల దగ్గరున్నాడు.